ఆటల కంప్యూటరునకు గ్రాఫిక్సు కార్డు: కొనుటకు ముందు గృహిణి అడుగవలసిన ప్రశ్నలు

చీర బేరములో మనలను మోసగించుట సులభము కాదు. గద్వాలచీరను చేతికి తీసికొన్నతోడనే ఒడలు నూలా, అంచు పట్టా, ఆ రెంటిని కలిపిన అతుకు గట్టిగా నున్నదా యని వ్రేళ్లతోనే తెలిసికొందుము. నేతి వాసనను, బియ్యపు పాతదనమును, కందిపప్పుపైని రంగును పరీక్షింపక యింటిలోనికి రానీయము. కాని నేడు మన యిండ్లకు వచ్చుచున్న ఒక వస్తువు విషయమున మాత్రము “మనకేమి తెలియును, పిల్లవాడు చెప్పినదే కొందము” అని సొమ్ము లెక్కపెట్టి యిచ్చుచున్నాము. ఆ వస్తువు ఆటల కంప్యూటరులో నమర్చు గ్రాఫిక్సు కార్డు. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు తోచుటకు కారణము మా బంధువర్గములో జరిగిన ఒక సంగతి.

నల్లగొండలో మాకు వరుసకు చెల్లెలగు ఒక గృహిణి కలదు. కుట్టుమిషనుపై సంపాదించిన దానిలో నెలనెల మిగిల్చి చీటీ కట్టి, ఆ సొమ్ముతో పాలిటెక్నిక్కు చదువుచున్న కుమారునకు ఒక వాడిన కంప్యూటరును కొనియిచ్చినది. 2023 వేసవిలో ఆ బాలుడు దానికొక గ్రాఫిక్సు కార్డు కావలెనని కోరెను. సెల్‌ఫోనులో ఒక ప్రకటన చూచెను. “జీటీఎక్స్ 1050 టీఐ, నాలుగు జీబీ” అను కార్డు అంగడి ధరలో సగమునకే వచ్చునని అందులో నుండెను. బస్సెక్కి హైదరాబాదు పోయి, త్రోవప్రక్కనే సొమ్ము చెల్లించి, కార్డు తెచ్చుకొనెను. బిల్లు లేదు.

ఇంటికి వచ్చి అమర్చగా తెర వెలిగినది. ఆట తెరచిన వెంటనే ఆరిపోయినది. మూడు దినములు తంటాలు పడిన పిమ్మట మరమ్మతు తెలిసిన యొకరు జీపీయూ-జెడ్ అను ఉచిత సాఫ్టువేరును తెరచి చూపగా, కార్డు పేరునకు ముందు ‘నకిలీ’ యను అర్థమిచ్చు ఆంగ్లపదము కనబడెను. ఎప్పుడో 2010 ప్రాంతపు పాత చిప్పునకు క్రొత్త పేరు వ్రాసి, పైన క్రొత్త కాగితము నంటించి యమ్మినారు. అమ్మినవాని ఫోను మరల మ్రోగలేదు. బాలుడు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. తల్లి మాత్రము “సొమ్ము పోయినది బిడ్డా, తెలివి అయినను మిగులవలె. ఈ కార్డంటే ఏమో నాకు మొదటినుండి చెప్పు” అని ప్రక్కన కూర్చున్నది. ఆమె యడిగిన ప్రశ్నలే యీ వ్యాసమునకు ఆధారము.

మొదటి ప్రశ్న: ఈ కార్డు చేయు పని యేమి? కంప్యూటరు తెర యనునది సన్నని చుక్కల ముగ్గువంటిది. మామూలు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా దాదాపు 20 లక్షల 70 వేలు. ఆటలో బొమ్మ కదలుటకు క్షణమునకు 60 మారులు ఈ ముగ్గునంతను చెరిపి మరల వేయవలెను. అట్లు లెక్కింపగా క్షణమునకు 12 కోట్లకు మించిన చుక్కలు. ప్రాసెసరు అను పెద్ద మేస్త్రి ఒక్కడే యింత పని చేయలేడు. ఒకేమారు పనిచేయు వేలకొలది చిన్న కూలీల దండే గ్రాఫిక్సు కార్డు. ఆ కూలీలు తమ సామాను పెట్టుకొను గది కార్డులోని మెమరీ. దానినే నాలుగు జీబీ, ఎనిమిది జీబీ యని చెప్పుదురు.

రెండవ ప్రశ్న: పిల్లవాడు ఆడు ఆట యేది? ఇది యడుగకయే సొమ్ము పోగొట్టుకొనువారు పెక్కుమంది. 2020లో వచ్చిన వాలొరెంట్ వంటి ఆటలు తేలికవి. రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసరులో చిత్రశక్తి లోపలనే యుండును గనుక, తెరమీది సొగసు కొంత తగ్గించుకొన్నచో అట్టి ఆటలకు వేరుగా కార్డే అక్కరలేదు. సైబర్‌పంక్ 2077 వంటివి బరువైనవి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025లో వచ్చిన డూమ్ ఆట, వెలుగునీడలను లెక్కగట్టు ‘రే ట్రేసింగ్’ అను ప్రత్యేకశక్తి గల కార్డు లేనిదే నడువవు. జీటీఎక్స్ 1650 వంటి కార్డునకు ఆ శక్తి లేదు. కావున మొదట మూడు ఆటల పేర్లు కాగితముమీద వ్రాయించుడు. ఆ మూడింటికి చాలునదే కొనుడు.

మూడవ ప్రశ్న: మన తెర యెంతటిది? ఇంటిలో 1080 వరుసల తెర యుండగా, అంతకు రెట్టింపు వెలగల తెరకు తగిన కార్డు కొనుట, ఇద్దరున్న యింటికి పెండ్లివంటల గుండిగ కొన్నట్లు. 1080 తెరకు నేటి క్రొత్త ఆటలలో ఎనిమిది జీబీ మెమరీ కనీసమని తలపవచ్చును. నాలుగు జీబీ కార్డు పాత ఆటలకు, తేలిక ఆటలకు మాత్రమే.

నాలుగవ ప్రశ్న: ఎన్ని వాట్లు? గద్వాలచీరలో ఒడలు బలహీనమై అంచు మాత్రము బరువైనచో అతుకువద్ద చిరుగును. కంప్యూటరును అట్లే. జీటీఎక్స్ 1650 కార్డునకు 75 వాట్లు చాలును. పెక్కింటికి ప్రత్యేకమైన విద్యుత్తు తీగయు అక్కరలేదు. ఆర్టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, రేడియన్ ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు, ఆర్టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు, ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు 190 వాట్లు తీసికొనును. కంప్యూటరులోని పవర్ సప్లయి పేరులేని చౌకదైనచో ఈ బరువు మోయలేక తాను చెడి తోడివానిని గూడ చెరచును. దానిమీద ‘80 ప్లస్’ అను గుర్తున్నదా, కార్డునకు కావలసిన తీగ యున్నదా యని ముందే చూడవలెను. కార్డు పొడవును, పెట్టెలోని చోటును గజముబద్దతో కొలుచుకొనుట మరువరాదు. ఆర్క్ కార్డులు ‘రీసైజబుల్ బార్’ అను సదుపాయము లేని పాత మదర్‌బోర్డులమీద మందగించును గనుక, పాత కంప్యూటరు గలవారు దానిని తెలిసికొనక కొనరాదు.

మొత్తము కంప్యూటరునకు పెట్టు సొమ్ములో మూడవ వంతు, మించినచో అయిదింట రెండు వంతులు కార్డునకు కేటాయించుట తగును. అంతకు మించినచో తక్కిన భాగములు వెనుకబడును. వెలపెట్టిన కార్డు వాని కొరకు కాచుకొని యుండును.

అయిదవ ప్రశ్న: పేరు ఒకటే, వస్తువు ఒకటేనా? ఇచ్చట జాగ్రత్త వలెను. ఆర్టీఎక్స్ 3050 అను పేరుతో 2022లో ఎనిమిది జీబీ కార్డు వచ్చినది. 2024లో అదే పేరుతో ఆరు జీబీ కార్డు వచ్చినది. ఇది 70 వాట్లతోనే పనిచేయును గాని, మెమరీయే కాదు, శక్తియు తక్కువ. సంఖ్య పెద్దదైనంత మాత్రమున వస్తువు గొప్పది కాదు. ఒకే ఆటను ఒకే తెరపై రెండు కార్డులతో నడిపి, క్షణమునకెన్ని బొమ్మలు వచ్చినవో చూపు పరీక్షలు యూట్యూబులో కలవు. వానిలో కనబడు సంఖ్యను కార్డు ధరతో పోల్చుకొన్నచో, రూపాయికి ఏ కార్డు ఎక్కువ ఇచ్చుచున్నదో మన పద్దుపుస్తకములోనే తేల్చుకొనవచ్చును. 2025 చివరినుండి మెమరీ ధరలు మిక్కిలి పెరిగినవి గనుక, నిరుటి ధరను నమ్మి బయలుదేరవలదు; కొను దినమున రెండు మూడు చోట్ల విచారింపుడు.

ఇక వాడిన కార్డుల మాట. ఇథీరియం అను డిజిటల్ నాణెమును సంపాదించుటకై లోకమంతట లక్షలకొలది కార్డులను రేయింబవళ్లు నడిపిరి. 2022 సెప్టెంబరు 15న ఆ పద్ధతి ముగియగానే వానిలో పెక్కు పాతవస్తువుల అంగళ్లకు దిగినవి. అందులో మంచివియు నుండవచ్చును. కాని పశువుల అంగడిలో నోరు తెరచి పండ్లు చూడనిదే ఎద్దును కొనము గదా! వాడిన కార్డును కంప్యూటరులో పెట్టి, కనులయెదుట అరగంట ఆట నడిపించి, జీపీయూ-జెడ్‌లో పేరు చూచి, పంకా ధ్వని విని, సీరియల్ నంబరుతో వారంటీ విచారించి, అప్పుడు సొమ్ము తీయవలెను. 2025లో ఎన్‌విడియా సంస్థ జీటీఎక్స్ 900, 1000 వరుసల కార్డులకు క్రొత్త ఆటల కొరకు డ్రైవర్లు సిద్ధపరచుట మానినది. కావున ఎంత చౌకయైనను ఆ ముసలి ఎడ్లను నేడు తోలుకొనిరాకుండుటే మేలు.

క్రొత్తది కొనువారు నల్లగొండనుండి కాని మహబూబ్‌నగరమునుండి కాని రమారమి నూరు కిలోమీటర్లు పోయినచో, సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కంప్యూటరు దుకాణములు వరుసగా నున్నవి. ఎచ్చట కొన్నను 18 శాతము జీఎస్టీ చేరిన పక్కా బిల్లు తీసికొనుడు. బిల్లు లేక పోయినచో తగ్గు నాలుగు రూపాయలకన్న, బిల్లుతో నిలుచు వారంటీ విలువైనది.

మన సీమకు ప్రత్యేకమైన సంగతులు రెండు. మే నెలలో మనకు ఎండ 44, 45 డిగ్రీలకు పోవును. గది వేడెక్కినచో కార్డు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. మన యెఱ్ఱదుమ్ము పంకాలలో చేరినచో మరింత ఉడుకును. కంప్యూటరును గోడకు ఆనించక, నేలమీద నుంచక, నెలకొకసారి ఆర్పి మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. రెండవది విద్యుత్తు లెక్క. మొత్తము 300 వాట్లు తీసికొను కంప్యూటరును దినమునకు మూడు గంటలు నడిపినచో నెలకు 27 యూనిట్లు. 2024లో మొదలైన గృహజ్యోతి పథకము 200 యూనిట్ల వరకే గనుక, ఆ పథకములో నున్న యిండ్లవారు ఈ 27 ఎచ్చట చేరునో చూచుకొనవలెను.

ఒక్క హెచ్చరిక. సొమ్ము పందెము పెట్టు ఆన్‌లైను ఆటలు వేరు, ఇవి వేరు. పందెపుటాటలను తెలంగాణలో 2017లోనే చట్టము నిషేధించినది. హాంగ్‌జౌ నగరమున 2023లో జరిగిన ఆసియా క్రీడలలో వీడియో ఆటలకు పతకములే యిచ్చిరి. తల్లి యొకసారి పిల్లవాని ప్రక్కన కూర్చుండి చూచినచో ఈ భేదము తానే గ్రహించును. ఎంతసేపు ఆడవలెనను నిర్ణయమును ఇద్దరును తగవు లేక చేసికొందురు.

మా చెల్లెలు మరల అయిదు నెలలు సొమ్ము కూడబెట్టినది. ఈ ప్రశ్నలన్నియు నోటుపుస్తకములో వ్రాసికొని, కుమారునితో తానే దుకాణమునకు పోయినది. దుకాణదారు బాలునివైపు తిరిగి పెద్ద కార్డు నొకదానిని పొగడుచుండగా, ఆమె “అన్నా, అది యెన్ని వాట్లు? మా పెట్టెలోనిది 450” అని యడిగెనట. అతడు మాటాడక ఆ పెట్టెను లోపలబెట్టి ఆర్ఎక్స్ 6600ను తీసెను. ఆ కార్డు నేటికిని ఆ యింట పనిచేయుచున్నది. సెలవులలో బాలుడు దానిమీదనే బొమ్మలను కదలించు విద్య నేర్చుకొనుచున్నాడు. నకిలీ కార్డును మాత్రము ఆమె పారవేయలేదు. కుట్టుమిషను సొరుగులో నుంచినది. ఇరుగుపొరుగువారు సలహా కొరకు వచ్చినపుడు మొదట దానినే తీసి చూపుచున్నది.