మా గల్లీ పడవకు రెండు చక్రాలు

పాతబస్తీలో పడవేమిటి, దానికో బండేమిటి అని మీకు నవ్వొస్తే తప్పులేదు. మా ఆడబిడ్డ కూడా మొదట అలాగే నవ్వింది. హైదరాబాద్‌లో పడవ అంటే హుస్సేన్‌సాగర్, మధ్యలో బుద్ధుడు, ఆదివారం పూట పిల్లలతో షికారు. అంతేగా! కానీ 2020 అక్టోబరు తరవాత ఉప్పుగూడలోనో, హఫీజ్‌బాబానగర్‌లోనో, అల్ జుబేల్ కాలనీలోనో ఎవరినైనా అడిగి చూడండి. పడవ అంటే షికారు అని ఒక్కరూ అనరు.

ఆ నెల 13న ఒక్క రోజులో నగరం మీద 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. పల్లె చెరువు కట్ట తెగి నీళ్లు కాలనీల మీద పడ్డాయి. నాలుగైదు రోజులకే గుర్రం చెరువు కట్టా తెగింది. ఆరిన ఇళ్లు మళ్లీ మునిగాయి. మునిగిన ఇంటికి 10 వేల రూపాయల సాయం ప్రకటించింది అప్పటి ప్రభుత్వం. అందినవాళ్లకు అందింది, ఆ లెక్క ఇక్కడొద్దు.

మా ఇల్లు ఛత్రినాక దగ్గర ఒక పల్లపు గల్లీలో ఉంది. మా గల్లీ తీరు చెప్పాలి, లేకపోతే తరవాత సంగతి మీకు అర్థం కాదు. పెద్దరోడ్డు నుంచి లోపలికి మొదటి అరవై డెబ్భై అడుగులు మెరక. అక్కణ్నుంచి ఒక వంపు తిరిగి కిందికి దిగుతుంది. వెడల్పు ఆరడుగులు. ఆ రోజు దిగువన నడుం లోతు నీళ్లు, మెరక మీద చీలమండ కూడా తడవని నీళ్లు. పడవ వచ్చింది. పెద్దరోడ్డు మీద ఆగింది. ఇంజనుతో ఉన్న ఆ బరువైన పడవను పొడినేల మీద డెబ్భై అడుగులు మోసి వంపు తిప్పడం ఆ వచ్చిన నలుగురి వల్ల కాలేదు. వాళ్ల తప్పేమీ లేదు. పక్షవాతంతో మంచాన ఉన్న మా అత్తమ్మను తలుపు రెక్క మీద పడుకోబెట్టి, కింద రెండు నీళ్ల డ్రమ్ములు కట్టి తోసుకుంటూ తెచ్చాం. మూడిళ్ల అవతల తాతకు ఆ రోజు డయాలసిస్ ఉంది. ఆయన్ను బయటికి తెచ్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. వారం తిరగకుండానే పోయారు. ఆలస్యం వల్లే పోయారని డాక్టర్లు రాయలేదు, మేమూ అనం. కానీ ఆ తాత భార్య మా పొదుపు సంఘంలో సభ్యురాలు. నెలనెలా మీటింగులో ఆమె ముఖం చూస్తూ కూర్చున్నవాళ్లం మేం పదిమందిమి.

పడవ దొరకడం పెద్ద కష్టం కాలేదు. చేపలు పట్టే ఒక కుటుంబం కొత్తది తీసుకుని, పది అడుగుల పాత ఫైబరు పడవను చవగ్గా ఇచ్చేసింది. అడుగున పగిలినచోట ఫైబరు మ్యాటు, రెజిన్ వేసి అతికించారు. కాటా మీద పెడితే 80 కిలోలు తూగింది. ఎత్తాలంటే నలుగురు మగవాళ్లు కావాలి. పగటిపూట మా గల్లీలో నలుగురు మగవాళ్లు ఎక్కడుంటారండీ? ఉండేది మేమూ, ముసలివాళ్లూ, పసిపిల్లలూ. అందుకే పడవ కంటే దాన్ని లాగే బండి ముఖ్యమని పట్టుబట్టాను.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెరచాప పడవలు నేర్చుకునే పిల్లల్ని చూశారా? పన్నెండేళ్ల ఆడపిల్ల కూడా తన పడవను తనే నీళ్లలోకి దింపుకుంటుంది. కింద రెండు చక్రాల తేలికపాటి ట్రాలీ ఉంటుంది. పడవను ట్రాలీతో సహా నీళ్లలోకి తోస్తారు, పడవ తేలగానే ట్రాలీని వెనక్కి లాగేస్తారు. కారు వెనక కట్టి లాక్కెళ్లే పెద్ద ట్రైలరు వేరు. దూరం పరుగెత్తి వేడెక్కిన చక్రాన్ని చల్లటి నీళ్లలో ముంచితే హబ్బులోని గాలి ముడుచుకుని, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బేరింగు తుప్పు పడుతుంది. అందుకే ట్రైలరును నీళ్లలో దించేముందు చక్రాలు చల్లారనివ్వాలంటారు. మాది నడక వేగమే కాబట్టి ఆ వేడి బెడద లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం మోటారు వాహనం అన్న మాటలోకి ట్రైలరు కూడా వస్తుంది. ఆటో వెనకో జీపు వెనకో కట్టి లాగితే రిజిస్ట్రేషన్ అదీ కావాలి. చేత్తో లాగే బండికి ఆ తంటా లేదు. దూరం పోవాల్సొస్తే రెంటినీ ట్రాలీ ఆటోలో వేసుకుంటాం.

జుమ్మెరాత్ బజార్‌లో బేరాలు

పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్‌కు ఆడవాళ్లం వెళ్లకూడదని ఎవరన్నారో గానీ, నేనూ మా వదినె రెండు వారాలు వెళ్లాం. పొద్దున్నే వెళ్లాలి, మంచి సామాను ముందే పోతుంది. ఆటో చక్రాలు రెండు తీసుకున్నాం. టైరు పక్కన 4.00-8 అని ఉంటుంది. అంటే టైరు వెడల్పు 4 అంగుళాలు, రిమ్ము 8 అంగుళాలు. వాటికి సరిపడే హబ్బులు కూడా అక్కడే దొరికాయి. చక్రాన్ని చేతిలో పట్టుకుని తిప్పి, మన కంటికి ఎదురుగా పెట్టి చూడాలి. రిమ్ము వంకరైతే అంచు అటూ ఇటూ ఊగుతుంది. కుట్టుమిషను చక్రం చూసినట్టే. నేను ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను, వంకర నా కంటికి దొరక్కుండా పోదు.

పాత సామాను కొన్నా, బేరింగులు మాత్రం కొత్తవే వేయాలి. అందుకు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాం. కౌంటరు మీద అబ్బాయి "ఏ నంబరు ఆంటీ?" అన్నాడు. 6205 అన్నాను. అతనోసారి నా ముఖంలోకి చూశాడు! ఈ నంబర్లలో పెద్ద రహస్యమేమీ లేదు. చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో తెలిసిపోతుంది. 05 అంటే 25, 04 అంటే 20. (అంతకంటే చిన్న నంబర్లకు ఈ లెక్క పనిచేయదు.) 6205కు బయటి చుట్టు 52, మందం 15. నంబరు వెనక జడ్‌జడ్ అని ఉంటే పక్కన రేకు మూత, అది దుమ్ముకు ఆగుతుంది. 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత. నీళ్లలో దిగే బండికి రబ్బరుదే తీసుకోండి. మన మిక్సీలోనూ, వాషింగ్ మెషిన్‌లోనూ ఉండేవి కూడా బేరింగులే. మెకానిక్ 'నంబరు దొరకదమ్మా' అన్నప్పుడు ఈ లెక్క మీకు పనికొస్తుంది.

ఇనుము అఫ్జల్‌గంజ్ వైపు తీసుకున్నాం. 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం, 20 అడుగుల పొడవువి రెండు. ఒక్కొక్కటి పద్నాలుగున్నర కిలోలు. తూకం మీద అమ్ముతారు గనుక మీటరుకు ఎంత తూగాలో ముందే తెలుసుకుని వెళితే మంచిది. దీనికైతే 2 కిలోల 400 గ్రాములు.

ఆ వీధిలో నడుస్తుంటే ఉస్మానియా ఆసుపత్రి దగ్గరి చింతచెట్టు గుర్తుకు రాక మానదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మంది ఆ చెట్టెక్కి బతికారని చెప్తారు. ఆ వరదలో పోయినవాళ్లు 15 వేల దాకా అంటారు. ఆ తరవాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ రెండూ మూసీని ఆపుతాయి. మా గల్లీ పైనున్న చెరువుల్ని కాదు కదా!

నొగ, ఇరుసు, జంపఖానా

"యే క్యా బనారే అమ్మా? నావ్ కీ బండీ?" వెల్డింగ్ భాయ్ అడిగిన మొదటి మాట ఇది. విషయం చెప్పాక ఇంకేమీ అనలేదు. వాళ్ల చెల్లెలి ఇల్లు అల్ జుబేల్ కాలనీలోనట. కూలి సగమే తీసుకున్నారు.

చట్రం ఎద్దుబండిలాగే ఉంటుంది. ముందు మొన తేలిన నొగలు, వెనక వెడల్పు, అడ్డంగా ఇరుసు దూలం. దూలం రెండు చివర్లా లేత్ మీద తిప్పించిన 25 మిల్లీమీటర్ల ఇరుసు ముక్కలు వెల్డింగ్ చేశారు. అవి తప్ప మిగతా బండంతా బోల్టుల మీదే ఉండాలని పట్టుపట్టాను. వెల్డింగ్ చేస్తే గట్టిదే, కాదనను. కానీ మా గల్లీలో స్కూటరు పెట్టుకోవడానికే చోటు లేదు. బండి విప్పి మేడ మీద పెట్టాలి. అదీగాక ఇరుసును యు-బోల్టులతో బిగిస్తే ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. అసలు కీలకం అక్కడే ఉంది.

కావడి మోసేవాళ్లను చూశారుగా. బరువు ఒక పక్కకు పోతే భుజం నిలవదు. బండి కూడా అంతే. మొత్తం బరువులో నూటికి 5 నుంచి 10 పాళ్లు నొగ మీద పడాలి. ఎక్కువైతే లాగేవాళ్ల నడుం విరుగుతుంది. తక్కువైతే ఇంకా ప్రమాదం, వెనక ఎవరైనా కూర్చోగానే నొగ గాల్లోకి లేచి గడ్డానికి తగులుతుంది. మా బండీ పడవా కలిపి 125 కిలోలు. పాతపేపర్ల అతని కొక్కెం కాటా తెచ్చి నొగ చివర తగిలించి, బండి సమానంగా ఉండేలా ఎత్తి చూశాం. 20 కిలోలు చూపించింది. యు-బోల్టులు వదులు చేసి ఇరుసును నొగ వైపు జానెడుకు కాస్త ఎక్కువ జరిపాం. 10కి వచ్చింది. అంటే నీళ్లబిందె బరువు. ఆ బరువు మోయని ఆడది మా బస్తీలో లేదు!

పడవ అడుగు ఆనేందుకు రెండు పొడుగాటి వేపచెక్కలు పెట్టి, మేకు తల పైకి రాకుండా లోపలికి దించి, పైన పాత జంపఖానా నాలుగు మడతలు చుట్టి కుట్టాను. ముక్కు దగ్గర పడవ జారడానికి పీవీసీ పైపు ముక్క రోలరు. పైపుల అడుగున చిన్న రంధ్రాలు వేయించాం, లోపల చేరిన నీళ్లు దిగిపోవడానికి. రెడాక్సైడు రెండు పూతలు, పైన పెయింటు. నట్లన్నీ లోపల నైలాను చుట్టు ఉన్నవి, అవి అదురుకు వదులు కావు. చక్రం నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాలి, మొదటిసారి తిప్పాక మళ్లీ ఓసారి బిగించాలి. బండికి మొత్తం 12 వేలు దాటింది. సంఘం వడ్డీ డబ్బులోంచి తీశాం. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఆ మాట దెప్పుతూనే ఉంటారు.

వంపులో తిరుగుతుందా లేదా అన్నది చివరి అనుమానం. పాత దుప్పటిని సరిగ్గా పడవ ఆకారంలో కత్తిరించి, నలుగురం నాలుగు పక్కలా పట్టుకుని గల్లీలో నడిచాం. పిల్లలు కేరింతలు! వంపులో ఒక ఇంటి మెట్టు అడ్డొచ్చింది. ఆ ఇంటావిడ ముందు గట్టిగా కాదన్నది. మర్నాడు తనే మేస్త్రీని పిలిచి మెట్టును జానెడు చెక్కించింది. నొగకు పిన్ను పెట్టించాం, వంపులో ఊడదీసి ముక్కు పట్టి తిప్పుతాం.

నీళ్లొచ్చిన రాత్రి

ఆ తరవాతి వానాకాలాల్లో రెండుసార్లు బండి దిగింది. రెండోసారి రాత్రి పదకొండింటికి, తొమ్మిది నెలల గర్భిణికి నొప్పులొచ్చాయి. మా గల్లీలో తొడ లోతు నీళ్లు. ముగ్గురు ఆడవాళ్లం, ఆమె మరిది. దిగువన పడవ తేలింది, ఆమెను మధ్యలో కూర్చోబెట్టి తోసుకొచ్చాం. మెరక దగ్గర నీళ్లు తగ్గి పడవ అడుగు నేలకు తగులుతుండగా బండిని కిందికి తోసి, ఆమెను దించకుండానే పెద్దరోడ్డు దాకా లాగాం. అంబులెన్సు అక్కడ నిలబడి ఉంది. ఇంటి గుమ్మం నుంచి పద్దెనిమిది నిమిషాలు. ఆడపిల్ల.

ఇలాంటి బండి మీరూ చేయించుకోవాలనుకుంటే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. నీళ్లు రాగానే ముందు 112కు ఫోన్, తరవాతే పడవ. ముందు నడిచేవాళ్ల చేతిలో వెదురుకర్ర ఉండి తీరాలి, మ్యాన్‌హోలు మూత కొట్టుకుపోయి ఉంటే నీళ్లలో కనపడదు. కరెంటు స్తంభానికి దూరంగా వెళ్లాలి, వీలైతే లైన్ ఆపించాకే దిగాలి. పడవలో లైఫ్‌జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించం, లాగేవాళ్లకు కూడా ఉండాలి. మా దగ్గర ఆరున్నాయి, ఇంకో రెండు కొనాలి. వేగంగా పారే నీళ్లలోకి ఈ పడవ దించం. నిలవ నీళ్లకే పనికొస్తుంది.

వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, మే నెలలో విప్పి, చక్రం తిప్పి చెవి పెట్టి వింటాను. గరగరమంటే బేరింగు పోయినట్టే. ఈ ఏడాది ఎడమ చక్రం గరగరమంది, రెండు బేరింగులూ మార్పించాం. టైర్లకు ఎండ తగలకుండా గోనెసంచులు కట్టి మేడ మీద పెట్టాం. ఇరుసు మా ఇంట్లో, నొగలు వదినె ఇంట్లో, నట్లూ బోల్టులూ పానాలూ ఉన్న డబ్బా మాత్రం తాత భార్య దగ్గర ఉంటుంది. ఆమే అడిగి పెట్టుకుంది.