లోపలినుంచి గోడ కట్టే మేస్త్రీ

వానలు పడగానే లేచే పుట్టగొడుగుల ఒళ్ళంతా సన్నని దారాలే. ఆ దారాల గోడలలో కైటిన్ ఉన్నది. రొయ్య పెంకులో ఉండేదీ అదే! అయితే 1811లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు బ్రాకొన్నో దీనిని మొదట కనుక్కున్నది పుట్టగొడుగులలోనే.

గోడ కట్టే తీరు తమాషాగా ఉంటుంది. మేస్త్రీ ఒక ఎంజైము. అది దారం కొసన, కణం పైపొరలో ఉంటుంది. లోపలినుంచి చక్కెరజాతి తునకలను అందుకుని, గొలుసుగా కూర్చి బయటికి నెడుతుంది. గొలుసులు పక్కపక్కనే అతుక్కుని గట్టి నారలవుతాయి.

లోపలి నీటి ఒత్తిడికి, కొస మెత్తగా ఉంటేనే దారం సాగుతుంది. మరీ మెత్తనైతే పగిలిపోతుంది! అందుకే కొస ముందుకు జరిగేకొద్దీ వెనక గోడ గట్టిపడుతూ వస్తుంది.

తామర తెచ్చేదీ ఈ జాతే. మన ఒంటిలో కైటిన్ తయారుకాదు గనక, మనని ముట్టకుండా ఆ మేస్త్రీనే ఆపే మందులకోసం శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు.