సైకిల్ చైన్‌కి ఏ ఆయిల్ వెయ్యాలి? కొబ్బరినూనె మాత్రం వద్దు!

ఈ రోజు ఎపిసోడ్‌లో సైకిల్ చైన్ గురించి మాట్లాడుకుందాం. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ ఆయిల్ బెస్ట్?" ఒక సీసా పేరు చెప్పేసి ముగించొచ్చు. కానీ అనంతపురంలో మట్టిరోడ్డు మీద తొక్కేవాళ్ళకీ, వానాకాలంలో కాకినాడలో తొక్కేవాళ్ళకీ ఒకటే ఆయిల్ ఎలా సరిపోతుంది చెప్పండి?

ముందు చైన్ లోపల ఏముందో చూద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. రెండు ప్లేట్ల మధ్య గుండ్రంగా తిరుగుతోంది కదా, అది రోలర్. దాని మధ్యలోంచి పోయేది పిన్. ఒక పిన్ నుంచి పక్క పిన్‌కి సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. గేర్ల సైకిల్‌కి ఇలాంటివి 110 పైనే ఉంటాయి. చైన్ అరిగేది ఆ పిన్ చుట్టూ, లోపల. అంటే ఆయిల్‌తో పని కూడా లోపలే. పైన మిగిలిపోయిన ఆయిల్ దుమ్ముని పట్టుకోవడం తప్ప ఇంకేం చెయ్యదు. ఆ దుమ్మూ ఆయిలూ కలిసి నల్లటి ముద్ద అవుతుంది చూశారా, అది ఉప్పు కాగితం లెక్క. తొక్కిన ప్రతిసారీ చైన్‌ని గీకుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లో దొరికేవాటి సంగతి. వంటనూనె వేస్తే మొదటి రోజు చప్పుడు పోతుంది, నిజమే. కొన్నాళ్ళకి జిగురు పట్టేస్తుంది. కొబ్బరినూనె అయితే 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది, చలికాలం పొద్దున మీ బాత్రూంలో సీసా చూస్తే తెలుస్తుంది. మెకానిక్ షాపులో ఫ్రీగా ఇచ్చే వాడేసిన ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు, దాంట్లో మసీ లోహపు పొడీ ఉంటాయి. గ్రీజు పైన పూస్తే లోపలికి దిగదు. కొత్త చైన్‌కి కంపెనీ వాళ్ళు వేసిన గ్రీజు మాత్రం మంచిదే, ఊరికే కడిగేయకండి.

డబ్ల్యూడీ-40 గురించి చాలామందికి డౌట్ ఉంది. పేరులో డబ్ల్యూడీ అంటేనే 'వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్', నీటిని తోసేయడం. తుప్పు పట్టిన బోల్టుకి సూపర్. ఆ మామూలు డబ్బా చైన్‌కి కొడితే ఉన్న ఆయిల్ కరిగి పోతుంది, అది మిగిల్చే పొర పల్చగా ఉంటుంది, ఎక్కువ రోజులు ఆగదు.

మరి ఏం కొనాలి? సైకిల్ షాపులో డ్రై ల్యూబ్, వెట్ ల్యూబ్ అని రెండు రకాలు దొరుకుతాయి. డ్రై ల్యూబ్ వేసేటప్పుడు నీళ్ళలా ఉంటుంది, ఆరాక మైనం లాంటి పొర మిగులుతుంది, దుమ్ము తక్కువ అంటుకుంటుంది. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఇదే నా ఓటు. కానీ ఒక్క గట్టి వాన పడిందంటే కొట్టుకుపోతుంది. వానాకాలంలో, విశాఖ బీచ్ రోడ్డు లాంటి ఉప్పుగాలి చోట్లా వెట్ ల్యూబ్ వాడండి. అది చిక్కగా ఉండి నిలుస్తుంది, కాకపోతే తరచూ తుడుచుకోవాలి. రెండూ కొనే డబ్బుల్లేవా? కుట్టు మిషన్ ఆయిల్ తీసుకోండి. పల్చగా ఉంటుంది, లోపలికి దిగుతుంది. త్వరగా పోతుంది కాబట్టి వారం వారం వెయ్యాలి, అంతే.

వేసే పద్ధతి ఇది. ముందు పాత గుడ్డతో చైన్‌ని నల్లటి మడ్డి పోయేదాకా తుడవండి. పెట్రోల్‌తో కడగకండి, నిప్పు అంటుకుంటే మంట ఆపలేరు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు చాలు, తర్వాత బాగా ఆరనివ్వాలి. పెడల్ వెనక్కి తిప్పుతూ కింది వరస చైన్ మీద ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క. రెండు నిమిషాలు తిప్పండి. డ్రై ల్యూబ్ అయితే రాత్రి వేసి పొద్దున తొక్కండి. ఆఖర్న బయటి ప్లేట్లు పొడిగా అయ్యేదాకా మళ్ళీ తుడవండి, ఈ పని ఎవరూ చెయ్యరు! ఇంకోటి, స్ప్రే డబ్బా అయితే చాలా జాగ్రత్త. డిస్కు మీదో రిమ్ము మీదో పడిందంటే బ్రేక్ పట్టదు.

చైన్ ఇప్పటికే అరిగిపోయిందా అని చూడ్డానికి స్టీల్ టేపు చాలు. ఒక పిన్ మధ్యలో సున్నా పెట్టి 24 లింకులు లెక్కపెట్టండి. సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ వస్తే చైన్ మార్చేయండి. లేటు చేస్తే వెనక పళ్ళచక్రం కూడా అరుగుతుంది, అప్పుడు కొత్త చైన్ వేసినా దాని మీద జారుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ లేచి నిలబడి తొక్కుతున్నప్పుడు, వెనక బస్సు ఉండగా జారిందనుకోండి... ఆ టేపు కొలత ఇవాళే తీయండి.