పరదేశసేవయు పల్లెబడియు



దూరదేశములనుండి కొందఱు జీతము గోరక వచ్చి, పల్లెలలో బడులు గట్టుటయు, పిల్లలకు చదువు చెప్పుటయు లోకమునందు పలుచోట్ల జరుగుచున్నది. ఇది మేలా, కీడా యని యడిగినచో ఒక్కమాటలో ఉత్తరము చెప్పుటకు వీలులేదు. వచ్చువాని మంచితనము ఎంత యవసరమో, పిలుచు ఊరి తెలివియు అంత యవసరము. మేడిపల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములవారికి ఈ విషయము మఱింత దగ్గఱిది. ఇచ్చటినుండి ఎందఱో దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు బోయి పరుల యిండ్లు గట్టుచున్నారు. పరదేశమునకు బోయి పనిచేయుట యెట్టిదో మీ యిండ్లవారికే తెలియును.

ఈ సేవాపద్ధతికి త్రోవ చూపినవారిలో పియేర్ సెరెసోల్ అను స్విట్జర్లాండు ఇంజనీరు ముఖ్యుడు. మొదటి ప్రపంచయుద్ధమున నేలమట్టమైన ఫ్రాన్సుదేశపు పల్లె నొకదానిని మరల నిలుపుటకై, 1920లో ఆయన వివిధదేశస్థులను వెర్దూన్ సమీపమునకు గొనివచ్చెను. వారిలో నిన్నటి శత్రువులగు జర్మనులును ఉండిరి. ఉద్దేశము గొప్పది, అయినను స్థానికుల యభ్యంతరముచేత మఱుసటి యేడు ఆ పని నిలిచిపోయెను. 1934లో బీహారు భూకంపము సంభవించిన పిమ్మట ఆయనయే మనదేశమునకు వచ్చి, ఇండ్లు గోల్పోయిన గ్రామస్థులతో గలిసి పనిచేసెను. ఊరి యంగీకారము లేనిచో ఎంతటి సేవయైనను వేరూనదని మొదటి యనుభవమే తెలుపుచున్నది.

మన తెలుగుసీమలో ఇందుకు ప్రసిద్ధమైన యుదాహరణము అనంతపురము. విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయినుదేశపు బార్సిలోనాలో జన్మించి, 1952లో మనదేశమునకు వచ్చెను. మహారాష్ట్రమునందలి మన్మాడు ప్రాంతమున రైతులకు దోడ్పడి, 1968లో దేశము విడువవలసివచ్చి, 1969లో తిరిగివచ్చి అనంతపురమున స్థిరపడెను. ఆయనయు, ఆంగ్లవనిత యగు ఆయన భార్య యాన్ ఫెర్రరును నడపిన గ్రామీణాభివృద్ధి సంస్థ, బీదలవాడలలో అనుబంధపాఠశాలలను నెలకొల్పెను. అవి సర్కారు బడికి పోటీ గావు. బడివేళకు ముందును, తరువాతను పిల్లలను గూర్చుండబెట్టి, ఇంటిలో చదువు చెప్పువారు లేని లోటును దీర్చుటకై యేర్పడినవి. ధనము స్పెయినుదేశపు దాతలనుండి వచ్చెను. పాఠము చెప్పినవారు మాత్రము తెలుగువారే. ఫెర్రర్ 2009లో గతించువఱకు నలువదేండ్లు ఆ నేలనే యంటిపెట్టుకొని యుండెను.

ఇక భాషమాట. 1961లో అమెరికా ప్రభుత్వము స్థాపించిన పీస్ కోర్ అను సంస్థ 1976 వఱకు మనదేశమునకు యువకులను బంపెను. వారిని సామాన్యముగా రెండేండ్లకు నియమించి, పనిలో దిగకమునుపే స్థానికభాషను నేర్పెడివారు. నేడు కొన్ని సంస్థలు రుసుము పుచ్చుకొని, సెలవులలో రెండు మూడు వారములకు జనులను బంపుచున్నవి. భాష రానివాడు పక్షమునకొకడు మారుచుండగా, అక్షరములు దిద్దుకొను పిల్లవాడు ఎవనిని గురువనుకొనవలెను? ఒకని యుచ్చారణకు చెవి యలవడులోపల మఱియొకడు వచ్చును. వచ్చినవాడు తృప్తితో వెడలును. పిల్లవాడు మొదటి పాఠముననే యుండును.

గోడ కట్టుట వేఱు, చదువు చెప్పుట వేఱు. గోడ నెలలలో లేచును. చదువు ఏండ్లకుగాని పండదు. ఇటుకలు మోయుటకై విమానమెక్కి వచ్చువాని ప్రయాణపు ఖర్చుతో మన సుతారి మేస్త్రికి ఎన్నిదినముల కూలి గిట్టునో లెక్కవేసి చూడుడు. పని తెలిసిన చేయి ఊరిలోనే యుండగా, పని తెలియని చేతిని దూరమునుండి రప్పించుట ఔదార్యమే కాని పొదుపు గాదు. ఆ యతిథి మన పంతులు ప్రక్కన నిలిచి, ఆంగ్లసంభాషణమునో, విజ్ఞానశాస్త్రపు ప్రయోగములనో పంతులుకే నేర్పిపోయినచో, ఆ లాభము వాడు వెళ్లిన తరువాతను ఊరిలో మిగులును.

ఇందులో నొక యపాయము గలదు. ఉచితముగా చెప్పువాడు దొరకినాడని సర్కారు పంతులు స్థానము ఖాళీగా నుండిపోవచ్చును. 2009నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దానిప్రకారము ప్రాథమికపాఠశాలలో అఱువదిమంది పిల్లలవఱకు ఇద్దఱు ఉపాధ్యాయులుండవలెను. ఉపాధ్యాయునికొక గది, త్రాగునీరు, బాలురకును బాలికలకును వేర్వేఱు మరుగుదొడ్లు, వంటగది, ప్రహరీగోడ యుండవలెను. సర్కారు బడిలో మంజూరైన యుపాధ్యాయస్థానములు నూటికి పదింటికి మించి ఖాళీ యుండరాదు. బడి నిర్వాహకసంఘములో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెను. బీడీలు చుట్టు తల్లికిని అందులో స్థానము గలదు. ఇవి హక్కులు, వీనిని దానముగా నడుగ బనిలేదు. దానము వీనికిపైన రావలెనుగాని వీనికి బదులుగా రాగూడదు.

ధనము విషయమునను నియమము గలదు. విదేశీయుల విరాళమును 2010నాటి విదేశీవిరాళముల చట్టము క్రింద నమోదైన సంస్థగాని, ముందుగా ననుమతి పొందిన సంస్థగాని మాత్రమే పుచ్చుకొనవచ్చును. అమెరికాపౌరుడై పోయిన మన బంధువు పంపు విరాళమును ఇందులోనికే వచ్చును. గల్ఫుదేశములలో గష్టించు మనవాడన్ననో భారతపౌరుడుగానే యున్నాడు. తన సొంతకూడబెట్టు సొమ్మును బ్యాంకుద్వారా పంపినచో అది విదేశీవిరాళము గాదు. పదిమంది కూడి బడికి గ్రంథాలయమునో, నీటితొట్టినో సమకూర్పవచ్చును. లెక్కలు మాత్రము బడిసంఘము ముందు చదువబడవలెను.

కావున పరదేశి యెవడైన ఊరికి వచ్చి బడికి సాయము చేసెదననినప్పుడు ఈ ప్రశ్నల నడుగుడు. ఎంతకాలముందువు? మా భాష నేర్తువా? మా పంతులుతో గలిసి పనిచేయుదువా? నీవు వెళ్లినపిమ్మట ఈ పని నెవరు సాగింతురు? నిన్ను బంపినవారెవరు, నీ పూర్వచరిత్రను విచారించినవారెవరు? మంచివాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. నొచ్చుకొనువానికి పిల్లల నప్పగింపరాదు.

చదువురానివాడు తనకు దెలియని యొడంబడికపై వ్రేలిముద్ర వేసి విమానమెక్కును. అక్కడ మాట తప్పినవానిని నిలదీయలేడు. చదువుకొన్నవాడు దానిని జదివి, తగినదైనచో సంతకము చేయును, లేనిచో ఇంటికి మరలును. రేపు మీ ఊరినుండి బయలుదేరు పిల్లవాడు ఈ యిద్దఱిలో ఎవడగునో నేటి బడియే నిర్ణయించును. దానికి పరదేశి చేయి తోడైన సంతోషమే. బరువు మాత్రము ఊరి భుజముపైననే యుండవలెను.