'యాదగిరి' వ్యక్తినామం – అర్థం, నేపథ్యం

వ్యక్తినామాలు సమాజ చరిత్రకు ఆధారాలు. జపాన్‌లో తారో, జిరో అనే సంప్రదాయ నామాలు వరుసగా తొలి కుమారుణ్ణి, రెండవ కుమారుణ్ణి సూచిస్తాయి. తెలుగులో పెద్దయ్య, చిన్నయ్య ఇటువంటివే. ఇవి జననక్రమాన్ని తెలుపగా, ఆలేరు ప్రాంతంలో తరచుగా వినిపించే 'యాదగిరి' ఒక స్థలాన్ని తెలుపుతుంది.

ఆలేరుకు సమీపంలోని యాదగిరిగుట్ట పంచనారసింహ క్షేత్రం. ఋష్యశృంగుని కుమారుడైన యాదర్షి ఇక్కడ తపస్సు చేయగా నరసింహస్వామి ఐదు రూపాలలో సాక్షాత్కరించాడని స్థలపురాణం. యాదుని గిరి యాదగిరి. ఇది షష్ఠీ తత్పురుష సమాసం. సంతానం కోసం గుట్టకు మొక్కుకున్న దంపతులు, స్వామినే ఇలవేల్పుగా కొలిచే కుటుంబాలు పుట్టిన మగబిడ్డకు ఈ పేరు పెట్టడం ఆచారం. దేవుని పేరుకు బదులు క్షేత్రం పేరే బిడ్డకు పేరవుతుంది. తిరుపతి, శ్రీశైలం అనే వ్యక్తినామాలూ ఈ కోవకు చెందినవే.

'గిరి', 'గుట్ట' సమానార్థకాలు. అయినా 'యాదగిరిగుట్ట' అనడంలో వాడుకరికి పునరుక్తి తోచదు. 'గిరి' అప్పటికే నామంలో లీనమై కొండ అనే అర్థస్ఫురణను కోల్పోయింది కనుకనే 'గుట్ట' చేరవలసి వచ్చింది. అందువల్లనే ఆ పదం మనిషికీ సులభంగా అన్వయించింది.

వ్యవహారంలో మరొక మార్పు కనిపిస్తుంది. ఉత్తరపదమైన 'గిరి' లోపించి, పూర్వపదానికి 'అయ్య' చేరి 'యాదయ్య' అవుతుంది. స్త్రీలకు 'యాదమ్మ' ఏర్పడింది. ఋషి పేరు కొండకు, కొండ పేరు బిడ్డకు సంక్రమించగా, పిలుపులో కొండ తొలగి ఋషి పేరే మిగిలింది. పిలిచేవారికి ఆ స్పృహ లేకపోయినా పదం ఆ చరిత్రను దాచుకున్నది.

తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటకవి బండి యాదగిరి ద్వారా ఈ నామం సాహిత్య చరిత్రలోనూ నిలిచింది. 2016లో ఏర్పడిన జిల్లా పేరులో 'యాదాద్రి' అనే రూపం చేరింది. 'అద్రి' కూడా కొండే. స్థలనామాలను ఉత్తర్వులు మార్చగలవు. ఇంటింటా స్థిరపడిన వ్యక్తినామాలను మార్చలేవు. కాబట్టి యాదగిరి, యాదయ్య వంటి పేర్లను నాటు పేర్లుగా తీసివేయక, స్థలనామ చరిత్రకు సాక్ష్యాలుగా సేకరించడం పరిశోధకుల కర్తవ్యం.