తొట్టిలోని చింతకు మరల ప్రాణము

చింత చచ్చినా పులుపు చావదని సామెత. తొట్టిలో పెంచిన చింత విషయములో ఇది అక్షరాల నిజము కావచ్చును. ఆకులన్నియు రాలి, కొమ్మలు ఎండినట్లు కనిపించు చెట్టులో గూడ మొదట జీవము మిగిలియుండును. కాని ఆ సమయమున మనము చేయు తొందరపాటు పనులే దానిని చంపుచుండును. ఏ పని ముందు, ఏ పని తరువాత అని తెలిసికొనుట అవసరము.

పెద్ద వృక్షపు రూపమును చిన్న తొట్టిలో నిలుపు విద్యను జపానువారు బోన్సాయి యందురు. 'బోన్' అనగా లోతు తక్కువ పళ్లెము. 'సాయి' అనగా నాటుట. మనవారు దీనిని వామన వృక్షమందురు. కడియము ప్రాంతపు నర్సరీలలో ఇట్టి మొక్కలను చాలమంది చూచియుందురు. చింత దీనికి మిక్కిలి అనువైనది. ఆకు సన్నము, బెరడు పగిలి ముసలి రూపు వచ్చును, ముదురు కొమ్మను నరికినను మరల చిగురించును, ఎండకు తట్టుకొనును. గింజను రాత్రి నానబెట్టి నాటిన ఒకటి రెండు వారములలో మొలచును. మొక్కను మూడు నాలుగేండ్లు నేలలో పెంచి, మొదలు లావెక్కిన పిదప తొట్టికి మార్చుట మంచిది.

జబ్బు ఎచట నున్నది?

సాయంకాలము చింతాకు ముడుచుకొనుట జబ్బు కాదు. అది దాని స్వభావము. వేసవిలో కొంత ఆకు రాలి కొత్త చిగురు వచ్చుటయు సహజమే. పగటిపూట గూడ ఆకు వ్రేలాడుట, చిగురు మాడుట, కొమ్మలు వరుసగా ఎండుట మాత్రము ప్రమాద సూచనలు.

మొదట గోటితో బెరడును కొద్దిగా గీకి చూడవలెను. లోపల పచ్చగా నున్నచో కొమ్మ బ్రతికియున్నది. గోధుమ రంగుతో పొడిగా నున్నచో క్రిందికి వచ్చి మరల చూడవలెను. మొదట పచ్చదనమున్నంతవరకు ఆశ విడువ నక్కరలేదు.

పిదప నీరు పోసి చూడవలెను. నీరు మట్టిని తడపక అంచుల వెంట జారిపోయినచో, వేళ్లు తొట్టినిండ అల్లుకొని మట్టి గట్టిపడినదని అర్థము. నీరు పైననే నిలిచినచో అడుగు చిల్లు పూడినది. మట్టి దుర్వాసన వేసి, వేళ్లు నల్లబడి, పట్టుకొనగానే పైతోలు ఊడి వచ్చినచో అది వేరుకుళ్లు. వాడిన ఆకును చూచి దాహమనుకొని మరింత నీరు పోయుట వలన కుళ్లు ముదురును. తొట్టిచెట్లు చాలవరకు చచ్చునది ఇట్లే.

చికిత్స

మట్టి ఎండుటయే కారణమైనచో, తొట్టిని నీళ్ల గంగాళములో ముంచి, బుడగలు ఆగిన పిదప తీసి నీరు కారనీయవలెను. వేరుకుళ్లయినచో ఏ కాలమైనను ఆలస్యము చేయరాదు. చెట్టును తీసి, కుళ్లిన వేళ్లను గట్టి భాగము వరకు పదునైన కత్తెరతో కత్తిరించవలెను. కేవలము వేళ్లు ఇరుకైనచో తొలకరి వరకు ఆగి మట్టి మార్చుట మేలు.

రెండు పాళ్లు ముతక ఇసుక, రెండు పాళ్లు బఠాణీ గింజంత ఇటుక ముక్కలు, ఒక పాలు ఎఱ్ఱమట్టి కలిపి, జల్లెడ పట్టి దుమ్ము తీసివేయవలెను. జబ్బు చెట్టు మట్టిలో ఎరువు కలుపరాదు. నాటిన పిదప మొదలును పురికొసతో తొట్టికి కట్టవలెను. చెట్టు కదలినచో కొత్త వేళ్లు తెగును. రెండు మూడు వారములు పలుచని నీడలో ఉంచి, తరువాత ఉదయపు ఎండకు, క్రమముగా నిండు ఎండకు మార్చవలెను. వేలు అంగుళము దింపి చూచి, పొడి తగిలిననే నీరు పోయవలెను. స్థలమున్నవారు నీరు నిలువని నేలలో ఒకటి రెండు వర్షకాలములు నాటి ఉంచినచో చెట్టు ఇంకను త్వరగా కోలుకొనును.

చేయరాని పనులు

కొత్త ఆకు ముదురువరకు పిండి, ఎరువు వేయరాదు. గాయపడిన వేళ్లకు అది భారము. ఎండిన కొమ్మలను తప్ప పచ్చికొమ్మను ఒక సంవత్సరము వరకు కత్తిరించరాదు. తీగ చుట్టి వంచరాదు. ఆకు వండిన ఆహారమే వేరును పెంచును. ఆకును తీసి వేరును బాగుచేయ జూచుట, ఎద్దుకు మేత మాన్పి దున్నించుట వంటిది. ముందు వేరు, తరువాత ఆకు, చివరకు రూపు—ఈ వరుస తప్పరాదు.

ఇంత ఓపిక ఒక చిన్న చెట్టుకేల అని కొందరు అడుగవచ్చును. వాషింగ్టనులోని బోన్సాయి మ్యూజియములో 1625 నుండి తొట్టిలో పెరుగుచున్న జపాను తెల్ల పైన్ చెట్టొకటి కలదు. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడిననాడు అది ఆ నగరములోనే, యమాకి కుటుంబమువారి పెరటిలో గోడ చాటున నుండి బ్రతికినది. 1976లో వారు దానిని అమెరికాకు కానుకగా నిచ్చిరి. ఎన్ని తరముల చేతులు దానికి నీరు పోసినవో ఊహింపుడు. తొట్టిచెట్టు తనంతట తాను తిండి వెదకికొనలేదు. పెంచువాని మీదనే దాని బ్రతుకు ఆధారపడియున్నది.

కావున మీ చింత ఆకు రాల్చినచో పారవేయకుడు. ముందు గోటితో గీకి చూడుడు.