గుంటలోకి మనిషిని దించొద్దు

దివిసీమలో వానాకాలం కాస్త తవ్వితే నీళ్లూరతాయి. అవనిగడ్డ చుట్టుపక్కల పేటల్లో ఇంకుడుగుంట నీరు పీల్చదు, సెప్టిక్ ట్యాంకు పొంగుతుంది. అప్పుడేం చేస్తున్నాం? ఒక కూలన్న చేతిలో నాలుగు డబ్బులు పెట్టి లోపలికి దించుతున్నాం!

మడ్డిలోంచి లేచే విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. కాపాడబోయి దిగినవాడూ పోతాడు. రక్షణ సాధనాలు లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే 30 లక్షల పరిహారమివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బొస్తే మనిషొస్తాడా?

మేం చెప్పేదొకటే: రెండు మూడేళ్లకోసారి, వానలకు ముందే, మిషనుతో మడ్డి తోడించాలి. దాన్ని కాలవలో పోయనివ్వొద్దు, మన చెరువులు నిండేది ఆ నీళ్లతోనే. పేదల పేటలకు మిషను ఖర్చు పంచాయతీ భరించాలి. పదండి, కలిసి అడుగుదాం.